డెబియన్‌లో పాత వెర్షన్ సంఖ్య కనిపిస్తే భద్రతా లోపం ఉన్నట్టేనా?

డెబియన్ 12 అనే లైనక్స్ పంపిణీతో నడిచే మీ సర్వర్లకు అప్‌డేట్లన్నీ వేసిన తరువాత కూడా భద్రతా లోపాలను వెతికే స్కానర్, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.2ను లోపమున్న వెర్షన్‌గా చూపిస్తోందనీ, 9.8ను సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టుకోవాలా అనీ మీరు అడిగారు. పెట్టుకోవద్దని నా సలహా. సరిగ్గా ఆ పనే ఒకసారి చేసి, రెండేళ్ల తరువాత దాని పర్యవసానం చూసినవాణ్ని కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

2022లో నేను చూసుకునే సర్వర్లలో డెబియన్ 11, దానితో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.4 ఉండేవి. ఆడిట్ నివేదిక దానిని కాలం చెల్లిన వెర్షన్ అని తేల్చింది. ఆడిటర్‌కు విషయం విడమరిచి చెప్పవలసింది పోయి, అప్పటికి కొత్తగా విడుదలైన 9.0 సోర్స్ తెచ్చి కంపైల్ చేసి, /యూఎస్‌ఆర్/లోకల్ కింద పెట్టి, సర్వీసును దానికి మళ్లించాను. నివేదికలో ఆ అంశం తొలగిపోయింది, నేనూ దానిని మరిచిపోయాను. 2024 జులై 1న క్వాలిస్ సంస్థ పరిశోధకులు ‘రెగ్రెష్షన్’ అని పేరుపెట్టిన సీవీఈ-2024-6387 లోపాన్ని (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెల్లడించారు. అది 8.5 మొదలుకొని 9.7 వరకు ఉన్న వెర్షన్లకు వర్తిస్తుంది. నేను పక్కన పెట్టిన 8.4కు ఆ లోపం లేనే లేదు, దాని స్థానంలో తెచ్చిపెట్టిన 9.0కు ఉంది. పైగా డెబియన్‌లో ప్యాకేజీలను పెట్టి, అప్‌డేట్ చేసే సాధనమైన ఆప్ట్ తనకు తెలిసిన ప్యాకేజీలనే అప్‌డేట్ చేస్తుంది కాబట్టి, నా చేతితో పెట్టిన ఆ ప్రోగ్రామ్ వైపు అది కన్నెత్తి కూడా చూడలేదు. ఆ రాత్రి ఒక్కొక్క సర్వర్‌లోకి వెళ్లి, దానిని తొలగించి, డెబియన్ ప్యాకేజీకి తిరిగి మార్చాను.

ఈ లోపం ఎలా పుట్టిందో తెలిస్తే, కొత్త వెర్షన్ అంటే భద్రమైన వెర్షన్ అనే లెక్క ఎక్కడ తప్పుతుందో స్పష్టమవుతుంది. లాగిన్ కావడానికి వచ్చినవారు గడువులోగా తమను నిరూపించుకోకపోతే (మామూలుగా ఆ గడువు 120 సెకన్లు) సర్వర్ ప్రోగ్రామ్‌కు అలారం సిగ్నల్ వస్తుంది. ఆ సిగ్నల్‌ను అందుకునే ఫంక్షన్ జరిగినదానిని లాగ్‌లో రాయడానికి సిస్‌లాగ్ అనే మరొక ఫంక్షన్‌ను పిలుస్తుంది. లైనక్స్‌లో వాడే గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీలో సిస్‌లాగ్ లోలోపల మెమరీ కేటాయింపులు చేస్తుంది. అసలు ప్రోగ్రామ్ అదే క్షణంలో మెమరీ కేటాయింపు మధ్యలో ఆగిపోయి ఉంటే, ఆ సగం పని మీద మరొక పని పడి మెమరీ చెడిపోతుంది. దాడి చేసేవారు ఆ క్షణాన్ని గురి చూసి కొడితే రూట్ అధికారం, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం చిక్కుతుంది. 32 బిట్ వ్యవస్థ మీద ఇందుకు సగటున పదివేల ప్రయత్నాలు, ఆరు నుంచి ఎనిమిది గంటల సమయం పట్టిందని కనుగొన్నవారే రాశారు. ఇదే లోపాన్ని 2006లో ఒకసారి సరిదిద్దారు. 2020 అక్టోబరులో లాగ్ రాసే కోడ్‌ను తిరగరాసినప్పుడు ఆ రక్షణ పొరపాటున తొలగిపోయి, 8.5తో పాటు లోపం మళ్లీ లోకంలోకి వచ్చింది.

ఇక మీ సర్వర్ల సంగతి. డెబియన్ స్థిర విడుదలలో వెర్షన్‌ను మార్చకుండా, లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మాత్రమే పాత వెర్షన్‌కు తెచ్చి అతికిస్తారు. దీనినే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు. సీవీఈ-2024-6387కు డెబియన్ 12లో వేసిన ప్యాచ్ చాలా చిన్నది: సిగ్నల్ సమయంలో లాగ్ రాసే ఆ కోడ్‌ను నిలిపివేస్తుంది, అంతే. అది 9.2పీ1-2+డెబ్12యూ3 అనే ప్యాకేజీలో వచ్చింది. కాబట్టి మీరు చూడవలసింది 9.2 అనే మొదటి భాగాన్ని కాదు, చివరి యూ3ను. మీ దగ్గర యూ3 గానీ, అంతకంటే పెద్ద సంఖ్య గానీ ఉంటే ఈ లోపం పూడినట్టే. డెబియన్ సర్వర్ కనెక్ట్ అయినవారికి మొదట పంపే బ్యానర్‌లో ఈ చివరి భాగాన్ని కూడా ప్రకటిస్తుంది. దానిని వదిలేసి మొదటి సంఖ్యనే పట్టికతో పోల్చే స్కానర్లు మీకు వచ్చినలాంటి హెచ్చరికలు ఇస్తాయి. స్కానర్‌కు లాగిన్ ఇచ్చి, ప్యాకేజీల జాబితాను లోపలి నుంచి చదివేలా అమర్చితే వీటిలో చాలావరకు తగ్గుతాయి.

ఆడిటర్‌కు ఆధారం కావాలంటే, ఆప్ట్ చేంజ్‌లాగ్ ఆదేశంతో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీ మార్పుల చరిత్ర తీసి, అందులో ఈ సీవీఈ సంఖ్య ఉన్న పేరాను, డెబియన్ భద్రతా ట్రాకర్‌లో అదే సంఖ్యకు ఉన్న పుటను జతచేసి పంపండి. నేను ఇప్పుడు ఆ పద్ధతినే పాటిస్తున్నాను.

పంపిణీదారులు చేసే మార్పులలో తప్పులు దొర్లవా అని మీకు సందేహం కలగవచ్చు, అది న్యాయమైన సందేహమే. 2006లో డెబియన్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజీలో చేసిన ఒక మార్పు వల్ల, రహస్య కీల తయారీకి వాడే యాదృచ్ఛిక సంఖ్యలకు ఆధారంగా ప్రాసెస్ సంఖ్య (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు వ్యవస్థ ఇచ్చే సంఖ్య) తప్ప దాదాపు ఏమీ మిగలలేదు, 2008 మే నెలలో గానీ అది బయటపడలేదు. ఒక్కో రకం కీకి 32,768 అవకాశాలే ఉండడంతో ఎన్నో కీలను మార్చవలసి వచ్చింది. అయినా నేను ప్యాకేజీ పక్షానే ఉంటాను, ఎందుకంటే తప్పు తెలిసిన రోజున దాని సవరణ ఆప్ట్ ద్వారా నా సర్వర్లన్నిటికీ చేరుతుంది. నేను కంపైల్ చేసినదానికి ఆ బాధ్యత నా ఒక్కడిదే, రెండేళ్ల పాటు నేను దానిని నిర్వర్తించలేదు.

అప్‌డేట్ వేశాక, నడుస్తున్న ప్రోగ్రామ్ నిజంగా ప్యాకేజీదేనా అని తప్పక చూడండి. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ సంఖ్యతో ఉన్న డైరెక్టరీలోని ‘ఎగ్జ్’ లింకు /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్ వైపు చూపాలి. /యూఎస్‌ఆర్/లోకల్ వైపు చూపితే మీకంటే ముందు ఎవరో నాలాగే చేసి ఉంటారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటి లైబ్రరీల విషయంలో డిస్క్ మీద ఫైలు మారినా, అప్పటికే నడుస్తున్న సర్వీసులు పాత ప్రతినే మెమరీలో పట్టుకుని ఉంటాయి కనుక, నీడ్‌రీస్టార్ట్ ప్యాకేజీ పెట్టుకుని అది చూపిన సర్వీసులను మళ్లీ ప్రారంభించండి. ఏదైనా కారణం వల్ల ప్యాచ్ వెంటనే వేయలేని సర్వర్ ఉంటే, పైన చెప్పిన లాగిన్ గడువును నిర్ణయించే లాగిన్‌గ్రేస్‌టైమ్ సెట్టింగును సున్నా చేసి, అంటే గడువే లేకుండా చేసి, ఈ లోపాన్ని తాత్కాలికంగా అడ్డుకోవచ్చు. అయితే అప్పుడు ఎవరైనా లాగిన్ కాకుండా కనెక్షన్లన్నీ ఆక్రమించి కూర్చోగలరు కాబట్టి, ఆ పోర్టును మీ సొంత నెట్‌వర్క్‌కే పరిమితం చేసిన తరువాతే ఆ మార్పు చేయండి.