జీతం పెరిగింది, అద్దె ఇల్లే దొరకలేదు

ప్రశ్న: మాది గుంటూరు వైపు పల్లెటూరు. నాన్న తాపీ పని చేసేవారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం బాగానే వస్తుంది. పోయిన నెల అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు గారు అంతా మాట్లాడేసుకున్నాక "మీరేమిటోళ్లు బాబూ?" అన్నారు. చెప్పాను. సాయంత్రానికి "వేరేవాళ్లకు మాటిచ్చేశాం" అని ఫోన్. మా రూమ్మేటేమో ఈ రోజుల్లో కులం ఎక్కడుంది, ఉన్నోడు లేనోడు రెండే వర్గాలు, కావాలంటే ఇంటిపేరు మార్చుకో అంటాడు. ఏమంటారు?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది సగం నిజం. మెట్రో ఎక్కేటప్పుడు, బిర్యానీ ఆర్డర్ పెట్టేటప్పుడు ఎవరూ కులం అడగరు, డబ్బులుంటే చాలు. నాన్నగారి తాపీ నుంచి మీ లాప్‌టాప్ దాకా ఒక్క తరంలో వచ్చారంటే మీ వర్గం మారినట్టే. కులం అలా మారదు. అంబేద్కర్ పాతికేళ్ల వయసులో, 1916లో, కొలంబియా యూనివర్సిటీలో చదివిన పేపర్లోనే కులమంటే తలుపులు మూసేసుకున్న వర్గం అన్నారు, ఆ తలుపుకి గడియ సొంత కులంలోనే పెళ్లి. 2011-12 నాటి ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వేలో కూడా కులాంతర వివాహాలు 5 శాతం దగ్గరే ఉన్నాయి.

రెండు గ్లాసుల పద్ధతి వినే ఉంటారు. టీ కొట్టులో దళితులకు గ్లాసు విడిగా ఉండేది, తాగినవాళ్లే కడిగి పెట్టాలి, టీ డబ్బులు మాత్రం అందరికీ ఒకటే. ఇప్పుడు చాలాచోట్ల పేపరు కప్పులు వచ్చేశాయి. దాంతో పద్ధతి పోయిందో, కడిగే పని మాత్రమే తప్పిందో నాకైతే అనుమానమే. మీ ఓనరు గారు అద్దె కట్టగలరా లేదా అని చూడలేదు, మీ గ్లాసు ఏదో చూసుకున్నారు.

అలాగని డబ్బు లేనివాడి బాధ తక్కువేం కాదు. పై కులంలో పుట్టినా అడ్వాన్సు కట్టలేని కుర్రాడికి ఆ ఇల్లు రాదు, కాకపోతే జీతం పెరిగితే వస్తుంది. 2019లో వచ్చిన 10 శాతం ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) కోటా అలాంటివాళ్ల కోసమే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటితే అది వర్తించదు. మీకు పెరిగిన జీతంతో ఏం ఒరిగిందో మీరే చూశారు.

అమెరికా వెళ్లిపోతే సరి అనుకుంటారేమో, 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకోవాల్సి వచ్చింది. అక్కడ సాఫ్ట్‌వేర్‌లో మనవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు.

కేసు పెట్టొచ్చా అని మీరు అడగలేదు కానీ చెబుతాను. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పాటించి ఇంట్లో ఉండనివ్వకపోవడం నేరమే. నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా (బ్రోకరు కమీషనే అంతకు ఎన్నో రెట్లు!). కానీ రుజువు చేయడం కష్టం, "మాటిచ్చేశాం" అనేది అందుకే. వాట్సాప్‌లో ఏమైనా మెసేజ్ పెట్టి ఉంటే మాత్రం డిలీట్ చేయకండి.

ఇక ఇంటిపేరు. మార్చుకోవచ్చు, గెజెట్‌లో వేయించుకోవచ్చు, మీ ఇష్టం. కానీ దాని తర్వాత "ఏ ఊరు?" అంటారు, ఆ తర్వాత "ఊళ్లో ఎటువైపు?" అంటారు. రేపు మీ నాన్నగారు నాలుగు రోజులు ఉందామని వస్తే, ఓనరు అడిగితే ఏ పేరు చెప్పాలో ముందే ఆయనకు కూడా నేర్పాల్సి వస్తుంది.