"తిన్నావా అని అడిగి పెట్టేస్తున్నారు"

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. ఉండేది రాజమహేంద్రవరం. రైల్వేలో చేసి రిటైరైన మావారు పోయిన శ్రావణంలో గుండెపోటుతో పోయారు. సంక్రాంతి వెళ్లాక నాకు కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటారు. రోజూ ఫోన్ చేస్తారు. "తిన్నావా, మందులు వేసుకున్నావా" అని అడిగి రెండు నిమిషాల్లో పెట్టేస్తారు. మనవరాలికి 11 ఏళ్లు, మనవడికి 6. "హాయ్ నానమ్మా" అని పారిపోతారు. టీవీ సౌండు మరీ ఎక్కువ పెడుతున్నానని పనమ్మాయి అంటుంది, ఇంట్లో వినపడే గొంతు అదొక్కటే మరి. ఆయన ఫోన్ బీరువాలో పెట్టేశాను, తియ్యలేకపోతున్నాను. కాకినాడలో మా అక్క కూడా ఒంటరిగానే ఉంటుంది. వచ్చే నెలలో సంవత్సరీకం. అది అయిన పది రోజులకు మా తమ్ముడి కూతురి పెళ్లి. వెళ్లొచ్చో లేదో తెలియడం లేదు. అబ్బాయేమో ఇల్లు అమ్మేసి వచ్చేయమంటున్నాడు. ఈ ఏడాదిలో సంతోషంగా గడిచిన రోజు ఒక్కటి లేదు. ఇక ఉంటుందా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు వస్తాను. దానికంటే ముందు, మీరు మామూలుగా రాసేసిన టీవీ సౌండు సంగతి చూడాలి. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నని శబ్దాలను తీసుకుపోతుంది. గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. స, శ, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. చిన్నపిల్లల గొంతులు అసలే సన్నం, పైగా అమెరికా యాసలో తెలుగు, ఆపైన ఫోన్. మీరు "ఆఁ? ఏంటమ్మా?" అని మూడుసార్లు అడిగేసరికి ఆరేళ్ల పిల్లాడు వెళ్లిపోతాడు. అది మీ మీద ప్రేమ లేక కాదు. కాబట్టి ఈ వారమే చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. గులిమి అడ్డుపడి ఉంటే తీయగానే తేడా తెలుస్తుంది. లేకపోతే ఎంతవరకు వినపడుతుందో చూసే ఆడియోమెట్రీ పరీక్ష చేస్తారు, అరగంట పని, నొప్పి ఉండదు. వినికిడి మిషన్ కావాలంటే ఆ రిపోర్టు ప్రకారమే అమర్చుకోవాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి కొన్ని మాటతో పాటు ఫ్యాను మోతనూ, గిన్నెల చప్పుడునూ ఒకేలా పెంచేస్తాయి. అవి పెట్టుకుని తలనొప్పి వచ్చి, మిషన్లంటేనే విసిగిపోయి మూలన పడేసే వాళ్లున్నారు. సరైన మిషనైనా మొదటి రోజే పొద్దస్తమానం పెట్టుకోకూడదు. ఇంట్లో రెండు మూడు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇక ఫోన్ల సంగతి. "తిన్నావా" అన్న ప్రశ్నకు "తిన్నాను" తప్ప జవాబు లేదు. ఆ తర్వాత రెండు వైపులా మౌనం. మీ పిల్లలు భయంతో ఫోన్ చేస్తున్నారు. నాన్న హఠాత్తుగా పోయారు, అమ్మ బాగానే ఉందని తెలిస్తే చాలు, వాళ్ల గుండె కుదుటపడుతుంది, పెట్టేస్తారు. ఆ భయానికి వేరే దారి చూపించండి: పొద్దున్నే కాఫీ తాగాక ఇంటి వాట్సాప్ గ్రూపులో "లేచాను, మందులయ్యాయి" అని ఒక్క ముక్క పెట్టేయండి. ఫలానా టైముకు రాకపోతే ఎదురింటివాళ్లకు ఫోన్ చెయ్యమని చెప్పి, వాళ్ల నంబరు ఇద్దరికీ ఇచ్చి ఉంచండి. యోగక్షేమాల పని అక్కడితో తీరిపోతే, ఫోన్ కబుర్లకు మిగులుతుంది. కబుర్లు నడవాలంటే ఇద్దరి చేతుల్లోనూ కలిసి చేసే పని ఒకటి ఉండాలి. దూరాన ఉన్న పిల్లలతో బంధం నిలిచేది ఎక్కువగా ఇక్కడే అని నా గట్టి నమ్మకం. మీ బాగోగులు అడిగే ఫోన్లు ఎన్ని వచ్చినా, మీ అవసరం ఉన్న ఫోన్ ఒక్కదానికి సరిరావు.

మనవడితో అష్టాచెమ్మా ఆడండి. వీడియో కాల్‌లో చక్కగా నడుస్తుంది. అట్టముక్క మీద అయిదు వరసల్లో అయిదేసి గళ్లు గీసి, నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ అడ్డగీతలు పెట్టండి. అలాంటిదే అక్కడ వాళ్ల నాన్న చేత గీయించండి. మీకు నాలుగు గవ్వలు. వాడికి గవ్వలు దొరక్కపోతే నాలుగు నాణేలు, బొమ్మ పైకి పడితే గవ్వ వెల్లకిలా పడ్డట్టు లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటికీ మళ్లీ పందెం వెయ్యొచ్చు. మిగతావి ఎన్ని వెల్లకిలా పడితే అంత. మీ కాయలు చిక్కుడు గింజలు, వాడివి బొత్తాలు అనుకోండి, రెండు పటాల మీదా రెండు రకాలూ ఉండాలి. ఇక్కడే ఆట పాడైపోతుంది: మీ పటం మీద జరిపింది అక్కడ జరపడం మర్చిపోతారు, రెండు పటాలూ రెండు దార్లు పడతాయి, పేచీ. అందుకని ఒక నియమం పెట్టండి. పందెం పడగానే వేసినవాళ్లు గట్టిగా తెలుగులో అంకె చెప్పాలి, అవతలివాళ్లు గడి గడికీ లెక్కపెడుతూ జరపాలి. ఒకటి, రెండు, మూడు, చెమ్మా అంటూ వాడి నోట తెలుగు దానంతటదే వస్తుంది. మొదట్లో నాలుగేసి కాయలు వద్దు, ఆట సాగిపోయి పిల్లాడు విసుగుతాడు. రెండేసితో మొదలుపెట్టండి. కాయను చంపే వీలు వచ్చినప్పుడు జాలిపడకండి, చంపండి. వాడికి ఉత్సాహం వచ్చేదే అక్కడ.

మోకాలు కొత్తది కాబట్టి కింద కూర్చోకుండా బల్ల మీద ఆడండి. ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి మీ కళ్ల ఎత్తులో నిలబెట్టండి. లైటు మీ ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే మీ మొహం నల్లగా కనపడుతుంది. టైము ఒక్కటే ఉంచండి: ఆదివారం రాత్రి ఏడున్నర. ఇప్పుడు డల్లాస్‌లో అది ఆదివారం పొద్దున్న తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మీ ఏడున్నర వాళ్లకు ఎనిమిదవుతుంది, అప్పుడు మీరు ఎనిమిదిన్నరకు మారండి. ఇది తెలియక నవంబరులో రెండు వారాలు నిద్రమొహాలతో కూర్చుని ఆట మానేసే ఇళ్లున్నాయి.

మనవరాలికి ఆట కాదు, ఆయన ఫోన్. తియ్యలేకపోతున్నానన్నారు. ఒక్కరే తియ్యొద్దు, మీ అమ్మాయి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని తియ్యండి. కానీ ఆలస్యం చెయ్యకండి, రెండు కారణాలున్నాయి. రీఛార్జి లేని నంబరు కొన్నాళ్లకు రద్దయి మరొకరికి వెళ్లిపోతుంది. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వచ్చేలా ఉంటే ముందు మీ నంబరుకు మార్పించుకోవాలి. రెండోది, రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ ఖాతాను, అందులో ఫొటోలతో సహా తొలగించే నియమం ఆ సంస్థకు ఉంది. ఫోటోలు, వీడియోలు, ఆయన పంపిన వాయిస్ మెసేజీలు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి, మరో కాపీ అమ్మాయి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి. ఆ తర్వాత వారానికి రెండు ఫోటోలు మనవరాలికి పంపండి. ఒక్కో ఫోటోకు నిమిషం దాటకుండా మీ గొంతుతో ఒక ముచ్చట: ఇది ఏ స్టేషను, తాతయ్య ఆ డ్యూటీలో ఏం చేసేవారు, పక్కనున్నది ఎవరు. వాట్సాప్‌లో మైకు గుర్తును నొక్కి పైకి జరిపితే తాళం పడుతుంది, వేలు పట్టుకునే ఉండక్కర్లేదు. చివర్లో ఆమెకో ప్రశ్న వెయ్యండి, జవాబు ఏ భాషలో వచ్చినా సరే. "తెలుగులో చెప్పు" అని సరిదిద్దడం మొదలుపెడితే జవాబులు ఆగిపోతాయి. పదకొండేళ్ల పిల్లకు ఇది బడిలో చెప్పని చరిత్ర. చెబుతున్నప్పుడు మీకు ఏడుపు వస్తే రానివ్వండి, ఆమెకూ తాతయ్యే కదా.

మీ అక్కగారి గురించి ఒక్క వాక్యమే రాశారు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఆ వాక్యమే. చిన్నప్పటి మిమ్మల్ని ఎరిగిన మనిషి రెండు గంటల దూరంలో ఉంది. రోజూ సాయంత్రం ఒకే టైముకు పది నిమిషాలు మాట్లాడుకోండి, నెలకు ఒకసారి మూడు రోజులు ఒకరింట్లో ఒకరు ఉండండి. ఆపరేషన్ చేసిన డాక్టరు ప్రయాణానికి సరేనంటే బస్సులో వెళ్లొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కాలు చాపుకునే వీలున్న సీటు చూసుకోండి, గంటకోసారి లేచి నిలబడండి. గోదావరి గట్టుకు వెళ్లినా మెట్లు దిగకుండా పైనే నడవండి.

ఇప్పుడు మీ ప్రశ్న. సంతోషంగా గడిచిన రోజు వెతికితే ఈ ఏడాది దొరకదు. గంటలు వెతకండి. పద్నాలుగు రోజులు ఒక నోటుపుస్తకంలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు రాయండి: ఏం చేశాను, అప్పుడు మనసు హాయికి పదికి ఎన్ని మార్కులు. చాలామంది తప్పు చేసేది, రాత్రి పడుకునే ముందు ఒకేసారి రాయడం. అప్పటికి దిగులు కమ్ముకుని రోజంతా సున్నాలే పడతాయి. అప్పటికప్పుడు రాస్తే, మొక్కలకు నీళ్లు పోసిన పూట మూడు, అక్కతో మాట్లాడిన పూట అయిదు కనపడతాయి. మూడో వారం నుంచి ఆ మూడు, అయిదు వచ్చిన పనులను రోజుకొకటి ముందే టైము వేసి పెట్టుకోండి. చెయ్యాలనిపించే దాకా ఆగొద్దు. దిగులులో పని ముందు, బుద్ధిపుట్టడం తర్వాత.

రెండు వారాలు రాసినా అన్నీ ఒకటి, సున్నాలే అయితే, తెల్లవారుజామున మూడింటికే రోజూ మెలకువ వస్తుంటే, తిండి సయించక బరువు తగ్గుతుంటే, అది దుఃఖం ఒక్కటే కాదు. డాక్టరుకు చూపించుకోండి. థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి, వీటిలో తేడా ఉన్నా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే మీ అమ్మాయికి చెప్పండి, 14416కు ఫోన్ చెయ్యండి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పింఛను, ఇంటి సమస్యల్లాంటివాటికి పెద్దల కోసం 14567 ఉంది, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు.

సంవత్సరీకానికి అబ్బాయి ఎన్ని రోజుల సెలవు పెట్టాడో రాయలేదు. నాలుగు రోజులే దొరికితే తిథికి ఒక రోజు ముందు దిగి, మిగతావి తర్వాత ఉండేలా టికెట్ మార్పించండి. కార్యానికి ముందు ఇంటినిండా బంధువులుంటారు. అందరూ వెళ్లిపోయాక, "ఏడాది అయిపోయింది కదా, ఇక మామూలే" అని లోకం అనుకునే ఆ మొదటి వారమే ఇల్లు ఎక్కువ బోసిపోతుంది. మనిషి అవసరం అప్పుడే. అమ్మాయి, అబ్బాయి ఒకేసారి వచ్చి ఒకేసారి వెళ్లకుండా ఒకరి తర్వాత ఒకరు ఉంటే ఇంకా మంచిది.

పెళ్లికి వెళ్లండి. మీరు పెళ్లికూతురి మేనత్త, ఆ ఇంటి ఆడపడుచు. భర్త పోయిన ఆడమనిషి శుభకార్యంలో ఎదురుపడకూడదన్న మాటను నేను ఒప్పుకోను. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించింది మీ ఊళ్లోనే. ఇన్నేళ్ల తర్వాత ఆ ఊరి ఆడపడుచు మేనకోడలికి అక్షింతలు వెయ్యడానికి వెనకాడితే ఎలా? అయితే అక్కడికి వెళ్లాక ఎవరైనా ఏమైనా అంటే మీకు తట్టుకునే ఓపిక ఈ ఏడాది తక్కువ. అందుకని ముందే మాట్లాడండి. మరదలి ద్వారా కబురు వద్దు, నేరుగా తమ్ముడికే ఫోన్ చెయ్యండి: "నేను వస్తున్నాను, ఫలానా పని నేను చేస్తాను" అని పని పేరుతో చెప్పండి. "రావచ్చా" అని అడగకండి, అడిగితే ఆయన పదిమందిని అడుగుతాడు. పెళ్లికూతురితో కూడా మాట్లాడండి, ఆ పిల్ల "మా అత్త నా పక్కనుండాలి" అంటే ఆ మాట మీద మాట ఉండదు. మండపంలో అక్కగారి పక్కన కుర్చీలో కూర్చోండి. మనసు బరువెక్కితే లేచి వెళ్లడానికి విడిదిలో ఒక గది ఉందేమో ముందే కనుక్కోండి. ముహూర్తం అయ్యాక వచ్చేసినా ఫర్వాలేదు.

ఇల్లు మాత్రం ఇప్పుడు అమ్మొద్దు. దుఃఖంలో ఉన్న ఏడాదిలో వెనక్కి తీసుకోలేని సంతకం పెట్టకూడదు. తాళం వేసి వెళ్లి రండి. విజిటర్ వీసాపై మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆరోగ్య బీమా తీసుకోండి, కానీ పాత జబ్బులకు అందులో ఎంత వస్తుందో ముందే చదివించుకోండి. డల్లాస్‌లో కారు నడపకపోతే కూరగాయలకు కూడా కొడుకు మీదే ఆధారపడాలి. పగలు పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకు పోతారు. అది మీకు పడుతుందో లేదో మూడు నెలలుంటే తెలిసిపోతుంది. నవంబరులో ఫ్యామిలీ పెన్షన్‌కు జీవన ప్రమాణ పత్రం (లైఫ్ సర్టిఫికెట్) ఇవ్వాలి కాబట్టి అది చూసుకుని బయల్దేరండి. ఎప్పటికైనా పిల్లల పేరున ఇల్లు రాయాల్సి వస్తే, దానపత్రంలో మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు అక్షరాలా రాయించండి. ఆ షరతు ఉంటేనే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, మాట తప్పినప్పుడు ఆ పత్రాన్ని రద్దు చెయ్యమని అడిగే హక్కు మీకు గట్టిగా ఉంటుంది. మీ అబ్బాయి అలాంటివాడని కాదు. ఈ మాట అతనితోనే చెప్పి, అతన్ని పక్కన పెట్టుకునే రాయించండి.