సున్నాకు దిగువ మార్కులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసాన్ని ఉచితంగా దొరికే ఒక సాధనంలో వేసి చూస్తే 'చదవడం అతి కష్టం' అని వచ్చిందనీ, ఆనాటి నుంచి కలం కదలడం లేదనీ రాశావు. అలాంటి సాధనాల్లో చాలావాటికి ఆధారం, ఇంగ్లీషు రాత చదవడానికి ఎంత సులువో కొలవడానికి రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో కట్టిన సూత్రం. మార్కు తగ్గేకొద్దీ చదవడం కష్టమని లెక్క. వాక్యానికి సగటున వచ్చే మాటల సంఖ్యను 1.015తో, మాటకు సగటున వచ్చే అక్షరాల సంఖ్యను 84.6తో హెచ్చవేసి, ఆ రెండింటినీ 206.835లోంచి తీసివేస్తారు. మన భాషలో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుంటాయి. 'వెళ్ళలేకపోయినందువల్ల' అన్నది ఒకే మాట, పది అక్షరాలు. అయినా బడి ముఖం చూడని అవ్వకు కూడా అది ఇట్టే అర్థమవుతుంది. మాటకు సగటున మూడు అక్షరాలు పడినా 253.8 తీసివేయాలి కనుక మార్కు సున్నాకు దిగువకు పోతుంది. ఆ కొలబద్ద తెలుగుకు చేసినది కాదమ్మా, దాన్ని చూసి దిగులు పడకు.

అలాగని సాధనాలను వదిలేయమనను. కంప్యూటర్లో రాసుకోవడానికి ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో అక్షరదోషాలు చూసే హన్‌స్పెల్ మొదట హంగేరియన్ కోసం పుట్టింది. ఆ భాషలోనూ ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి. అయినా మన సంధి రూపాల కింద అది అనవసరంగా ఎర్రగీత గీస్తూనే ఉంటుంది. గీత పడిన ప్రతిదీ తప్పు కాదు గానీ, ఒత్తు జారిన మాటను అది చాలాసార్లు పట్టిస్తుంది.

నాకు అన్నిటికన్నా ఉపకరించింది లిబ్రెఆఫీస్‌లోని వెతికి మార్చే సదుపాయం. రాసినదానికి నకలు తీసి, ప్రతి వాక్యం కొత్త పంక్తిలో మొదలయ్యేలా మార్చి చూడు. నాలుగు వరుసలు పాకిన వాక్యాలు వెంటనే కంటబడతాయి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కనుక, కర్తకూ క్రియకూ మధ్య ఎన్ని ఉపవాక్యాలు దూర్చితే పాఠకుడు అంత మోయాలి. ఆ దూరాన్ని తగ్గించు. వాక్యం పొడవుగా ఉన్నా నష్టం లేదు.

తరువాత 'బడింది' అని వెతుకు. 'నిలబడింది', 'కనబడింది' కూడా వస్తాయి, వాటి జోలికి పోవద్దు. నీ వ్యాసంలో 'చెరువు పూడిక తీయబడింది' అని ఉంది. ఎవరు తీశారు? తట్టలతో మట్టి మోసిన ఆడవాళ్ళ గురించి రెండో పేరాలో నువ్వే ఎంతో చక్కగా రాశావు. వాళ్ళను ఆ వాక్యంలోకి తెచ్చి, దిద్దిన ప్రతిని నాకు పంపు.