చిన్నీకి, పిన్ని రాస్తున్నా

చిన్నీ,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఇక్కడ టెక్సాస్‌లో మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేస్తానన్నావట. అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో, భయంతో రాత్రి నిద్ర పట్టలేదు. పధ్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్న పిన్నికి ముందు నువ్వే చెప్పొద్దూ?

కోర్సుకి కాక్రెప్ గుర్తింపు ఉందో లేదో చూసుకో, కౌన్సెలింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ అది. దానికి 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికం, అంటే క్లయింట్లతో తొలి శిక్షణ, ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

వీసా లెక్క వేసుకున్నావా? నీ ఫ్రెండ్స్‌వి స్టెమ్ కోర్సులు, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు. కాబట్టి వాళ్లకి ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి, మూడేళ్లు వస్తుంది. మన కోర్సు మామూలుగా ఆ కిందికి రాదు, నీకు ఏడాదే. పూర్తి లైసెన్సు కావాలంటే డిగ్రీ అయ్యాక సూపర్‌వైజర్ కింద 3000 గంటలు చేయాలి. ఎంత పరిగెత్తినా 18 నెలల లోపు అవ్వదు. మిగతా నెలలు ఎలాగో ఫీజు కట్టకముందే తేల్చుకో. లక్షలు అప్పు చేసి సగంలో వెనక్కి వెళ్లాల్సొస్తే ఎలాగే?

ఇంకొకటి. ఇది అక్కకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నాకు లైసెన్సు వచ్చిన కొత్తలో ఒక తెలుగు అమ్మాయి వచ్చేది. నాలుగు వారాలు ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడింది. ఐదో వారం "తెలుగులో చెప్పొచ్చా మేడమ్" అని అడిగి, గంటసేపు ఏడ్చింది. ఆ దసరాకి బతుకమ్మ ఆటలో కనిపించింది, పట్టుచీరలో, పక్కన అత్తగారితో. చూసిన సంతోషంలో నేనే వెళ్లి చెయ్యి పట్టుకున్నా. "ఎలా ఉన్నావమ్మా, ఇప్పుడు నిద్ర పడుతోందా?" అన్నా. "మా కోడలు మీకెలా తెలుసు?" అని అడిగారావిడ. ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు. గుడిలో పరిచయమని ఏదో అబద్ధం చెప్పాను, అతకలేదు. తర్వాతి మంగళవారం నాలుగింటికి ఆ కుర్చీ ఖాళీ. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

వాళ్లు మనతో చెప్పిందే కాదు, మన దగ్గరికి వచ్చారన్నదే రహస్యం. ఆ సంగతి చదివాను, పరీక్ష రాసి పాసయ్యాను. కానీ తెలిసినవాళ్లు ఎదురైతే పలకరించకపోవడం తప్పని కదా మనల్ని పెంచింది! ఆ అలవాటే ముందు నడిచింది. ఇప్పుడు ప్రతి తెలుగువాళ్లకీ మొదటి రోజే చెప్తా: "బయట కనిపిస్తే నేను పలకరించను, మీరు పలకరిస్తేనే మాట్లాడతా. ఏమీ అనుకోకండి." నువ్వూ చెప్పు. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గరే ఎదురవుతారు మనవాళ్లు.

తాతయ్య పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్లు. పదకొండో రోజు అందరూ భోజనాల హడావుడిలో ఉంటే, నువ్వొక్కదానివే అమ్మమ్మ పక్కన మాట్లాడకుండా కూర్చున్నావు. ఈ పని నీకు వస్తుంది తల్లీ. కానీ ఆ రాత్రి 102 జ్వరం తెచ్చుకున్నదీ నువ్వే. అందుకే చేరిన మొదటి నెలలోనే నీకంటూ ఒక కౌన్సెలర్‌ని చూసుకో. నాతో చెప్పుకుంటే సరిపోదు, నేను పిన్నిని.

"పిచ్చివాళ్ల చదువు" అన్నారట బావగారు. ఆదివారం పొద్దున్న నేనే ఫోన్ చేసి మాట్లాడతా. నువ్వు ఆయనతో గొడవ పడకు, కాఫీ ఇచ్చి పక్కన కూర్చో.

పిన్ని