డ్రాఫ్ట్‌కి పేరిస్తున్న మా అమ్మాయికి

తల్లీ,

డిగ్రీ చేతికి రాగానే పీడబ్ల్యూహెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల్లో ఆడే మహిళల ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమానికి, పేరిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింటి ఆడపిల్ల ఐస్ హాకీ ఆడి జీతం తెచ్చుకుంటుందంటే ఎంత గర్వంగా ఉందో! ఆ వెంటే కంగారూ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

తిండి, నిద్ర, వెయిట్స్ సంగతి నీ కోచ్‌లు చెబుతారు, విను. కొత్త స్కేట్స్‌తో క్యాంప్‌లో దిగకు. నెల ముందే కొని కాలికి అలవాటు చేసుకో, అలవాటైన పదును మార్చకు. 2023 డ్రాఫ్ట్‌లో 15 రౌండ్లుంటే 2025లో ఆరే. పేరు పిలవకపోతే క్యాంప్ ఆహ్వానం ఉంది, రిజర్వ్ చోటు ఉంది, స్వీడన్ లీగ్ ఉంది. అక్కడ సీజన్ సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది కాబట్టి వాళ్లతో మాటలు ముందే మొదలుపెట్టు.

నా అసలు భయం డబ్బు దగ్గర. నీకన్నా ముందు ఆడినవాళ్లని ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ దెబ్బతీసింది. కాంట్రాక్టు మీద సంతకం పడింది కదా, ఇక ఏడాది గడిచిపోతుందని లెక్కేసుకోవడం. 2016 నవంబర్‌లో ఎన్‌డబ్ల్యూహెచ్‌ఎల్ అనే అమెరికా మహిళల లీగ్ సీజన్ మధ్యలో జీతాలు కోసేసింది. 2019లో కాల్గరీ జట్టు కెనడా మహిళల లీగ్ సీడబ్ల్యూహెచ్‌ఎల్ ట్రోఫీ క్లార్క్‌సన్ కప్ గెలిచిన వారానికే, మార్చి 31న, ఆ లీగే మూతపడుతున్నట్టు ప్రకటించారు. పన్నెండేళ్లు నడిచిన లీగ్ అది! ఇక 2023 జూన్ ఆఖరు. పీహెచ్‌ఎఫ్ (ఎన్‌డబ్ల్యూహెచ్‌ఎల్ పెట్టుకున్న కొత్త పేరు) అప్పటికే వచ్చే సీజన్‌కి జట్టుకి 15 లక్షల డాలర్ల జీతాల పరిమితి ప్రకటించింది, చాలామంది సంతకాలు చేసి నిశ్చింతగా ఉన్నారు. ఇంతలో కొత్త పెట్టుబడిదారులు ఆ లీగ్‌ని కొని మూసేశారు. ఆ కాంట్రాక్టులన్నీ రద్దయ్యాయి. ఆ అమ్మాయిలు తెలివితక్కువవాళ్లు కాదమ్మా. కాగితం మీద అంకె చూశారు, ఆ అంకెకి పూచీ ఎవరన్నది చూడలేదు.

ఇప్పటి లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆ పూచీ చాలావరకు ఉంది. తొలి మ్యాచ్ ఆడకముందే ఆటగాళ్ల సంఘం ఒప్పందం కుదుర్చుకుంది, 2031 జూలై దాకా అది నడుస్తుంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువు. ఏజెంట్ చెప్పాడనకు, నువ్వే చదువు. కనీస జీతం తొలి సీజన్‌కి 35,000 డాలర్లు, ఏటా 3 శాతం పెరుగుతూ 2025-26కి 37,131 అయింది. జట్టులో కనీసం ఆరుగురికి 80,000, ఆపైన. కనీస జీతం మీద తొమ్మిది మంది దాకా ఉండొచ్చు. ఆఖరి రౌండ్లలో వెళ్తే నువ్వు ఆ తొమ్మిదిలో ఉంటావనే లెక్క వేసుకో. సీజన్‌లో ఇంటి అద్దెకి నెలకి 1,500 డాలర్లు ఇస్తారు. బోస్టన్‌లో ఒక్కదానివే ఇల్లు తీసుకుంటే అది చాలదు, సాటి ఆటగత్తెతో కలిసి ఉండు.

సంతకానికి ముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడుగు. జట్టులోంచి తీసేస్తే మిగతా జీతం వస్తుందా? దెబ్బ తగిలి సీజన్ పోతే? జీతం ఎన్ని నెలలకి పంచి ఇస్తారు? ఆట లేని నెలల్లో ఆరోగ్య బీమా ఎవరిది? ఇంటి లీజు ఏడాదికి రాయాల్సొస్తే, మధ్యలో వేరొకరికి అప్పగించే వీలు అందులో ఉండాలి. ఎప్పుడు ఊరు మారాల్సొస్తుందో తెలీదు. 2025లో వాంకూవర్, సియాటిల్ జట్లు కొత్తగా చేరి పాత జట్ల ఆటగాళ్లని తీసుకున్నప్పుడు, ఆ పాత జట్లు మొదట ముగ్గురేసి ఆటగాళ్లని మాత్రమే కాపాడుకోగలిగాయి. బోస్టన్ కెప్టెన్ హిలరీ నైట్ అంతటిదే సియాటిల్ వెళ్లింది. ఇంత కష్టపడి చదివిన అకౌంటింగ్‌ని అటకెక్కించావో, ఊరుకోను! వేసవిలో సీపీఏ (అకౌంటెంట్ లైసెన్సు) పరీక్షలు ఒక్కొక్కటీ రాసెయ్.

ఇంకో భయం, నీ తల. ఆడపిల్లల కాలేజీ ఆటలో బాడీ చెకింగ్, అంటే ఒంటితో ఢీకొట్టడం, నిషిద్ధం. ఈ లీగ్‌లో బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర, పక్ (బంతికి బదులు వాడే బిళ్ల) కోసం పోరాడేటప్పుడు, గట్టిగా తాకనిస్తారు. బోర్డుకి రెండు మూడడుగుల దూరంలో ఆగిపోవడమే ప్రమాదం, తోస్తే తల నేరుగా వెళ్లి కొట్టుకుంటుంది. ఉంటే బోర్డుకి ఒళ్లు ఆనించి ఉండు, లేదా బాగా దూరంగా ఉండు. పక్ అందుకోకముందే భుజం మీంచి వెనక్కి చూడు. బోర్డు వైపు పడిపోతున్నా గడ్డం పైకెత్తు. తల వంచి గుద్దుకుంటే మెడ ఎముకలు విరగొచ్చు. మెడకి కోత తట్టుకునే గార్డ్ ప్రాక్టీసులో కూడా తీయకు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఐస్ హాకీ ఆటగాడు మ్యాచ్‌లో స్కేట్ బ్లేడు తగిలి మెడ తెగి చనిపోయాడు.

కొందరు సీజన్ మొదట్లో చేసే మెదడు పరీక్షలో కావాలనే తక్కువ తెచ్చుకుంటారు, తర్వాత దెబ్బ తగిలినా తేడా కనపడకుండా. ఆ పని చేశావని తెలిస్తే నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను. తల తిరిగినా, వెలుతురు గుచ్చుకున్నా అప్పుడే ఐస్ దిగిపో. ఆ రోజు మళ్లీ ఎక్కకూడదు. తిరిగి ఆటకి ఆరు మెట్లు, మెట్టుకి కనీసం ఒక రోజు. లక్షణాలు తిరగబెడితే ఒక మెట్టు దిగాలి. నీ చోటు ఇంకొకరికి పోతే పోనీ బంగారూ, మాకు నువ్వు కావాలి.

కాంట్రాక్టు రాగానే నాకు పంపు. గడువుకి రెండు రోజుల ముందైనా నా చేతిలో ఉండాలి. జట్టువాళ్లు తొందరపెడితే ఇంట్లో చూపించాలని చెప్పు.

మీ పెద్దమ్మ