ఏమీ కొనని వారం గురించి రాయడం

హనుమకొండ

బిడ్డా,

స్టాక్ మార్కెట్ చార్టుల మీద నువ్వు రాసిన వ్యాసాలు మూడూ చదివాను. భాష గురించి నీకు పెద్దగా చెప్పాల్సింది లేదు. వాక్యాలు చిన్నవి, నర్సంపేటలో మీ ఇంట్లో వాళ్లు చదివినా అర్థమవుతాయి. నేను రాస్తున్నదంతా ఆ వాక్యాల్లో ఏముందన్న దాని గురించే.

మూడో వ్యాసం చివర, 50 పెద్ద షేర్ల సూచీ అయిన నిఫ్టీ గురించి ఇలా రాశావు: "నిఫ్టీ 23,500 పైన నిలబడితే 24,000 వరకు పెరగవచ్చు, ఆ స్థాయి కోల్పోతే 23,000 వరకు తగ్గవచ్చు." మార్కెట్ ఏ రోజు తెరిచినా ఈ మాట నిజమే. పెరిగితే నువ్వు చెప్పినట్టే, తగ్గినా నువ్వు చెప్పినట్టే. మన తెలుగులో వచ్చే వారాంతపు టెక్నికల్ (చార్టులు చూసి అంచనా చెప్పే) కాలమ్‌లు చాలావరకు ఈ ఒక్క వాక్యం మీదే బతుకుతున్నాయి, అంకెలు మాత్రం మారుతుంటాయి. వాటిని చూసే నువ్వూ నేర్చుకుని ఉంటావు. కానీ సుబేదారిలో ఉండే రిటైర్డ్ టీచరో, భూపాలపల్లిలో నైట్ షిఫ్టు దిగొచ్చిన సింగరేణి ఉద్యోగో అది చదివి సోమవారం పొద్దున ఏం చేయాలి? వాళ్లకు నీ నుంచి కావాల్సినవి రెండు: మార్కెట్ ఎటు పోతుందని నువ్వు అనుకుంటున్నావు, ఏ అంకె దగ్గర నీ అంచనా తప్పని ఒప్పుకుంటావు. రెండోది రాయలేనప్పుడు మొదటిదీ రాయకు.

బుల్ మార్కెట్‌లో ఈ లోపం ఎవరికీ కనిపించదు. ఏది కొన్నా పెరుగుతుంటే ఎవరు రాసిందైనా బాగానే అనిపిస్తుంది. ఒక దిశ లేకుండా ఊగుతూ, ఊగుతూనే కిందికి జారే మార్కెట్ వచ్చినప్పుడే రాసేవాళ్ల పస తెలుస్తుంది. అలాంటి మార్కెట్ ఎలా ఉంటుందో చూడాలంటే 2024 చివరి నెలల చార్టు తీయి. సెప్టెంబర్ 27న నిఫ్టీ 26,277 తాకింది. అక్కడి నుంచి 2025 ఫిబ్రవరి ఆఖరుకు 22,124 దగ్గర ముగిసింది. వరుసగా ఐదు నెలలు నష్టాలే. 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఈ రెండు అంకెలు మాత్రమే చూస్తే, పైన షార్ట్ చేసి (ముందు అమ్మి, తగ్గాక కొనే పద్ధతిలో) కూర్చుంటే చాలు కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఒక్క నవంబర్ నెలను దగ్గరగా చూడు. అక్టోబర్ ముగింపు 24,205, నవంబర్ ముగింపు 24,131. నెల మొత్తానికి తగ్గింది 75 పాయింట్లు కూడా కాదు. కానీ ఆ నెల లోపల 24,500 పైకి వెళ్లింది, 23,300 కిందికీ వచ్చింది. బ్రేకవుట్ (పై స్థాయి దాటేసింది) అనుకుని కొన్నవాళ్లూ, బ్రేక్‌డౌన్ (కింది స్థాయి తెగింది) అనుకుని అమ్మినవాళ్లూ ఇద్దరూ నష్టపోయారు.

పాత చార్టు చూసి రాసేటప్పుడు ఒక పని చేయి. చార్టు మీద నవంబర్ 21 తర్వాతి భాగాన్ని కాగితంతో కప్పేయి. ముగింపు తెలిసిన చార్టు మీద గీతలు గీయడం ఎవరికైనా చేతనవుతుంది, చదివేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ రోజు సాయంత్రం నీకు కనిపించేది ఇంతే: నిఫ్టీ 23,350 దగ్గర ముగిసింది, గత 200 రోజుల ముగింపుల సగటు దానికి పైన ఉంది, సెప్టెంబర్ నుంచి వచ్చిన ప్రతి బౌన్స్ (పడ్డాక మళ్లీ పైకి లేవడం) అంతకు ముందుదాని కంటే తక్కువ ఎత్తులోనే ఆగింది, విదేశీ సంస్థలు అక్టోబర్‌లోనే 90 వేల కోట్లకు పైగా అమ్మేశాయి. ఆ సాయంత్రం కూర్చుని నేనైతే ఇలా రాస్తాను:

"మార్కెట్ ఇంకా తగ్గుతుందనే నా అంచనా. ప్రతి బౌన్స్ ముందుదాని కంటే కిందే ఆగుతోంది. నవంబర్ మొదటి వారంలో వచ్చిన బౌన్స్ 24,500 దగ్గర ఆగింది, కాబట్టి నిఫ్టీ 24,500 పైన ముగిస్తే ఈ అంచనా తప్పు. అయితే ఆ అంకె ఇక్కడి నుంచి 1,150 పాయింట్ల దూరంలో ఉంది. ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల్లో) ఒక్క లాట్, అంటే 25 యూనిట్లు, షార్ట్ చేసినా అక్కడ స్టాప్‌లాస్ (నష్టం ఆపడానికి బయటికొచ్చే ధర) తగిలితే పోయేది 28,750 రూపాయలు. దగ్గరలో స్టాప్‌లాస్ పెడదామంటే దానికి ఆధారమైన స్థాయి చార్టులో లేదు. కాబట్టి ఈ వారం కొత్తగా కొనేదీ లేదు, షార్ట్ చేసేదీ లేదు."

లాట్ అంటే 25 అన్నది అప్పటి లెక్క, తర్వాత మారింది. ఇప్పుడు కాగితం తీసి చూడు. మర్నాడే, నవంబర్ 22న, నిఫ్టీ 557 పాయింట్లు పెరిగింది. డిసెంబర్ 5న 24,708 దగ్గర ముగిసింది. అంటే నా అంచనా నా గీత ప్రకారమే తప్పయింది, ఆ వారం కాలమ్‌లో మొదటి వాక్యం అదే కావాలి. ఆ తర్వాత రెండు వారాలకు డిసెంబర్ 20న 23,587. జనవరి 2న ఒక్కరోజే 445 పాయింట్లు పైకి, జనవరి 6న 388 పాయింట్లు కిందికి. ఫిబ్రవరి ఆఖరుకు 22,124. మార్కెట్ తగ్గుతుందన్న మాట చివరికి నిజమైంది, మధ్యలో దాన్ని నమ్మి అమ్మినవాళ్ల డబ్బు మాత్రం పోయింది. చార్టు గురించి రాసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. దిశ చెప్పడం వేరు, ట్రేడ్ చెప్పడం వేరు. ట్రేడ్ అంటే ఎక్కడ దిగాలి, ఎక్కడ బయటికి రావాలి, పోతే ఎంత పోతుంది అనే మూడూ ఉండాలి. మూడూ కుదరని వారం ఏమీ లేదని రాయడానికి సిగ్గుపడకు. ఎడిటర్ ఒప్పుకోకపోవచ్చు, "రెండు షేర్లన్నా చెప్పమ్మా" అంటాడు. చెప్పొద్దు. ఎందుకు కుదరలేదో వివరంగా రాస్తే ఆ జాగా నిండుతుంది, చదివేవాళ్లకూ పనికొస్తుంది.

ఇక ఇండికేటర్లు, అంటే ధరల మీద లెక్కలు కట్టి మార్కెట్ తీరు చెప్పే కొలతలు. రెండో వ్యాసంలో ఆర్‌ఎస్‌ఐ, ఎంఏసీడీ, స్టొకాస్టిక్, రెండు మూవింగ్ యావరేజ్‌లు అన్నీ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి సంకేతం బలంగా ఉందన్నావు. అవన్నీ పుట్టింది అదే ధర నుంచి. ఒకే అంకెల మీద ఐదు రకాల లెక్కలు వేసి, ఐదూ ఒకేలా వచ్చాయని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. ఒకటి ఉంచు. మిగతా జాగాలో ఆ ధర నుంచి పుట్టని సమాచారం పెట్టు: వాల్యూమ్ (చేతులు మారిన షేర్లు), డెలివరీ శాతం (వాటిలో అదే రోజు తిరిగి అమ్మకుండా ఖాతాలోకి తీసుకున్నవి), ఆ రోజు పెరిగిన షేర్లెన్ని తగ్గినవెన్ని.

ఆ ఒకటి ఏది ఉంచాలో మార్కెట్‌ను బట్టి ఉంటుంది. ఊగిసలాడే మార్కెట్‌లో మూవింగ్ యావరేజ్ క్రాసోవర్లు (ఒక సగటు గీత ఇంకోదాన్ని దాటితే వచ్చే సంకేతాలు) ఘోరంగా దెబ్బతీస్తాయి. సగటు అనేదే వెనకబడి నడుస్తుంది కనుక, అది కొనమనేసరికి బౌన్స్ అయిపోతుంది, అమ్మమనేసరికి పతనం ఆగిపోతుంది. అందుకే ముందు అసలు ట్రెండ్ ఉందో లేదో చెప్పేది చూడాలి. దానికి ఏడీఎక్స్ ఉంది. వైల్డర్ అనే అమెరికన్ 1978లో ఆర్‌ఎస్‌ఐతో పాటే దీన్నీ జనంలోకి తెచ్చాడు. ఏడీఎక్స్ 20 కింద ఉంటే ట్రెండ్ లేదనీ, 25 దాటితే ఉందనీ వాడుకలో ఉన్న లెక్క. అది దిశ చెప్పదు, బలం మాత్రమే చెబుతుంది. పతనంలో కూడా ఏడీఎక్స్ పెరుగుతుంది. ఈ సంగతి రాయకపోతే కొత్తవాళ్లు ఏడీఎక్స్ పెరిగిందని కొనేస్తారు. ఆర్‌ఎస్‌ఐ విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. సున్నా నుంచి వంద దాకా ఉండే ఈ కొలత 30కి వస్తే ఓవర్‌సోల్డ్ (అతిగా అమ్మేశారు), కొనొచ్చు అని చాలామంది రాస్తారు. బలహీన మార్కెట్‌లో ఆర్‌ఎస్‌ఐ 30 దగ్గర రోజుల తరబడి పడి ఉంటుంది, పైకి లేచినా 50, 60 మధ్యలో అలసిపోతుంది. 60 దాటి నిలబడలేకపోవడమే అక్కడ చూడాల్సిన విషయం.

సూచీ గురించి నీకు వేరేగా చెప్పనక్కర్లేదు, ఎనుమాముల మార్కెట్ చూస్తూ పెరిగిన పిల్లవు. మీ బాపు మిర్చి బస్తాలు తెచ్చినప్పుడు జెండా పాట (ఆ రోజు యార్డు వేలంలో పలికే పై ధర) ఎంత పలికిందో మర్నాడు పేపర్లో వస్తుంది. ఆ ధర దక్కేది మంచి సరుకున్న కొద్ది మందికే, మిగతా కుప్పలు ఎంతకు పోయాయో యార్డులో నిలబడ్డవాళ్లకే తెలుసు. నిఫ్టీ కూడా జెండా పాట లాంటిదే. 50 షేర్లున్నా హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్ మూడింటి వాటానే నాలుగో వంతుకు మించి ఉంటుంది. ఆ మూడూ నిలబడ్డ రోజు సూచీ పచ్చగా కనిపిస్తుంది, మన వాళ్ల డిమ్యాట్‌లో ఉండే చిన్న షేర్లు మాత్రం ఎర్రగానే ఉంటాయి. ఆ ఐదు నెలల్లో నిఫ్టీ శిఖరం నుంచి 16 శాతం దాకా పడితే మధ్యస్థ, చిన్న కంపెనీల (మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్) సూచీలు అంతకు మించి పడ్డాయి. కాబట్టి ప్రతి వ్యాసంలో నిఫ్టీ పక్కనే ఎన్ని షేర్లు పెరిగాయి, ఎన్ని తగ్గాయి అన్న అంకె వేయి. ఎక్స్చేంజ్ రోజూ ఇస్తుంది, వెతుక్కోవాల్సిన పనే లేదు. సూచీ పెరిగిన రోజు కూడా తగ్గిన షేర్లే ఎక్కువుంటే, వరుసగా అలాగే ఉంటే, బలహీనత లోపల పెరుగుతోందని అర్థం.

నీ వ్యాసాల్లో అసలు కనిపించనిది ఎన్ని షేర్లు అన్న ప్రశ్న. ఏ ధరకు అన్నది మూడింటిలోనూ ఉంది, ఎన్ని అన్నది ఒక్కదాంట్లోనూ లేదు. నా దృష్టిలో చార్టు కంటే ఇదే ముఖ్యం, రాసేవాళ్లకు బోరు కొడుతుంది కాబట్టి వదిలేస్తారు. ఒక ఉదాహరణ వేసి చూపించు. చేతిలో లక్ష రూపాయలున్నాయి, ఒక ట్రేడ్‌లో పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డది ఒక శాతం, అంటే వెయ్యి రూపాయలు. షేరు ధర 500, రోజుకు సగటున 12 రూపాయలు కదులుతుంది, అదే దాని ఏటీఆర్. దానికి రెండింతలు, కొన్న ధరకు 24 రూపాయల కింద స్టాప్‌లాస్ పెడితే కొనాల్సింది (వెయ్యిని 24తో భాగిస్తే) 41 షేర్లు. అదే షేరు మార్కెట్ చెదిరినప్పుడు రోజుకు 20 రూపాయలు కదులుతుంటే స్టాప్‌లాస్ 40 రూపాయల దూరం, కొనాల్సింది 25. ఊగిసలాట పెరిగినకొద్దీ షేర్ల సంఖ్య దానంతటదే తగ్గిపోతుంది. ఇక్కడ ఎవరి ధైర్యంతోనూ, టెన్షన్‌తోనూ పని లేదు. ఖర్చు కూడా లెక్కేసి చూపించు. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) పోతుంది. లక్ష రూపాయలతో పదిసార్లు దిగి పదిసార్లు బయటికొస్తే, లాభనష్టాలు పక్కన పెట్టినా, ఎస్‌టీటీ ఒక్కటే దాదాపు 2,000.

యావరేజ్ చేయడం గురించి చదివేవాళ్లు నిన్ను తప్పకుండా అడుగుతారు. "800కు కొన్న, 600 అయింది, ఇంకొన్ని తీసుకోవాల్నా?" అని. కంపెనీని చూసి ఏళ్ల కోసం కొన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు నీ కాలమ్ అవసరం లేదు. చార్టు చూసి కొన్నవాళ్లు చార్టు పాడైనప్పుడు బయటికి రావాలి. ట్రేడింగ్ కోసం కొన్నది తగ్గగానే ఇన్వెస్ట్‌మెంట్ అయిపోవడం మన దగ్గర చాలా ఎక్కువ, దాని మీద ఒక వ్యాసం మొత్తం రాయొచ్చు.

ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) గురించి రాసిన ప్రతిసారీ ఒక అంకె ఇవ్వు. 2024 సెప్టెంబర్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్‌అండ్‌ఓలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే, సగటున ఒక్కొక్కరికి 2 లక్షల దాకా. నీతులు చెప్పాల్సిన పని లేదు, అంకె చాలు.

ఇక చట్టం. నీకు సెబీ రీసెర్చ్ అనలిస్ట్ రిజిస్ట్రేషన్ లేదు. ఫలానా షేరు ఇంతకు కొనండి, ఇంతకు అమ్మండి అని నువ్వు రాయకూడదు. పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలు వాడి షేర్ల పేర్లు చెప్పొద్దని 2025 జనవరిలో సెబీ సర్క్యులర్ ఇచ్చింది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, రాసే ముందు సెబీ వెబ్‌సైట్‌లో చూసుకో. మొదటి వ్యాసంలో పేరు పెట్టి చెప్పిన ఆ రెండు షేర్లూ తీసేయి. పాత చార్టులతోనే రాయి, ఇందాక చెప్పినట్టు కుడి వైపు కప్పేసి. ఇవాళ్టి మార్కెట్‌ను చదివేవాళ్లే చూసుకుంటారు, చూడటం ఎలాగో నువ్వు చూపిస్తే చాలు.

మూడో వ్యాసాన్ని తిరగరాసి పంపు. చార్టు మీద ఎనిమిది గీతలు గీశావు. ఒక్కో గీతకు కారణం పక్కన రాయి, కారణం దొరకని వాటిని చెరిపేయి. చార్టు మీద తేదీలు కూడా లేవు, అవి వేయి. శనివారం దాకా హైదరాబాద్‌లో ఉంటాను, తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

ఉంటాను.