పద్దెనిమిది నిండబోతున్న హోం అమ్మాయికి బీటెకా, డిగ్రీయా?

ప్రశ్న: మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలోని బాలికల సంరక్షణ గృహం. ఆరేళ్ల వయసులో తల్లిదండ్రులను పోగొట్టుకుని మా దగ్గరికి వచ్చిన అమ్మాయి ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే ఆగస్టుకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. అమెరికాలో ఉన్న మా దాతలు ప్రైవేటు కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈకి ఫీజు కడతామంటున్నారు. కమిటీ పెద్దలు ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ చాలంటున్నారు. మంచి సంబంధం చూసి పెళ్లి చేసి పంపడమే మేలని ఒకరిద్దరు అంటున్నారు. పదకొండేళ్లుగా తనకు ఏ లోటూ రానివ్వలేదు, ఒంటరిగా గేటు కూడా దాటనివ్వలేదు. ఏ దారి మంచిది?
- ఒక హోం సూపరింటెండెంట్

జవాబు: మేడమ్ గారూ, నమస్కారం.

ఇంటర్ పరీక్షలు దగ్గరపడే ప్రతి ఏడాదీ సంరక్షణ గృహాల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి గాని అడుగున ఉన్న భయం మారదు. ఈ పిల్ల బయటికి వెళ్లాక తనకు ఎవరున్నారు, ఏమైనా జరిగితే మాట ఎవరి మీదికి వస్తుంది అన్నదే ఆ భయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అంతమంది పిల్లలకు ఒక్కరే అమ్మగా ఉండడం ఎంత బరువో ఇరవై ఏళ్లుగా దగ్గర నుంచి చూస్తున్నాను. అయినా మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ఒకటి ఉంది. ఒంటరిగా గేటు కూడా దాటనివ్వలేదని మీరు తృప్తిగా రాశారు. ఆ అమ్మాయి మరికొన్ని నెలల్లో, చేతిలో ఒక సంచీతో, ఇక లోపలికి వచ్చి పడుకునే హక్కు లేకుండా, అదే గేటు బయట నిలబడబోతోంది.

కొన్నేళ్ల కిందట ఒక హోం నుంచి ఒక అబ్బాయిని వెంటబెట్టుకుని వాళ్ల వార్డెన్ నా దగ్గరికి వచ్చారు. ఇంటర్‌లో చాలా మంచి మార్కులు వచ్చాయి, హైదరాబాదులో ఇంజినీరింగ్ సీటు ఖాయమైంది. మాటలయ్యాక ముగ్గురం ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్‌కు వెళ్లాం. ఏం తింటావని అడిగితే ఆ అబ్బాయి వార్డెన్ ముఖం వైపు చూశాడు. సర్వర్ వచ్చి ఇడ్లీ, వడ, పూరీ, దోశ అని ఏకరువు పెట్టాడు. అబ్బాయి గోడ మీది ధరల బోర్డును పైనుంచి కింది దాకా చదివి, "అందరికీ ఏది పెడితే నాకూ అదే సార్" అన్నాడు. రెండు వారాల్లో ఆ పిల్లవాడు మహానగరంలో ఒంటరిగా ఉండాలి. ఆ ఏడాది దసరా సెలవులకు కళాశాల హాస్టల్ మెస్ మూసేశారు. తోటివాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. ఒకసారి బయటికి వచ్చాక హోంకు తిరిగి వెళ్లకూడదని అనుకున్న ఆ అబ్బాయి ఎవరికీ ఫోన్ చేయకుండా నాలుగు రాత్రులు సికింద్రాబాద్ స్టేషన్‌లో పడుకున్నాడు. ఈ సంగతి నాకు తెలిసేసరికి అతను చదువు మానేసి ఒక క్యాటరింగ్ బృందంలో చేరిపోయాడు. ఆ రోజు కౌన్సెలింగ్‌లో కళాశాలల ర్యాంకుల గురించి గంటసేపు మాట్లాడిన నేను, సెలవుల్లో ఎక్కడ ఉంటావని ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచి హోం పిల్లల విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న అదే.

పద్దెనిమిది నిండగానే చేతులు దులుపుకోమని చట్టం కూడా చెప్పడం లేదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలోని 46వ సెక్షన్, సంస్థ నుంచి బయటికి వెళ్లే పిల్లలకు ఆర్థిక సహాయం అందించవచ్చని చెబుతోంది. 2016లో కేంద్రం తెచ్చిన నమూనా నియమాలు ఆఫ్టర్‌కేర్‌ను, అంటే హోం వదిలాక అందించే ఈ అండను, ఇరవై ఒక్క ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్ల వరకు ఇవ్వవచ్చన్నాయి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, ఉన్నత చదువుకు స్కాలర్‌షిప్, వృత్తి శిక్షణ కాలంలో స్టైపెండ్ అందులో ఉన్నాయి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయానికి అవకాశం ఉంది. అయితే ఇవేవీ వాటంతట అవి నడిచి రావు. బిడ్డ బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే ఆమె భవిష్యత్తు ప్రణాళికను హోం పిల్లల సంరక్షణపై ఉత్తర్వులిచ్చే బాలల సంక్షేమ సమితికి సమర్పించి, ఆఫ్టర్‌కేర్‌కు సిఫారసు చేయాలని నియమం. మీ అమ్మాయి విషయంలో ఆ గడువు జూన్. నన్నడిగితే రెండు నెలలు ఏ మూలకూ చాలవు, ఈ పని పదహారో ఏటనే మొదలుకావాలి. కనుక జూన్ దాకా ఆగకుండా ఈ నెలలోనే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి, దరఖాస్తుకు ఏమేం కావాలో రాతపూర్వకంగా తెలుసుకుని రండి.

ఇక బీటెక్ సీఎస్‌ఈ. ఈ దారి మీద నాకున్న అనుమానాలను దాచుకోకుండా చెబుతాను. తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు కొన్నేళ్లుగా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుంటూ కంప్యూటర్ సైన్స్ సీట్లను, ఏఐ, డేటా సైన్స్ వంటి పేర్లతో దాని అనుబంధ సీట్లను పెంచుకుంటూ వచ్చాయి. సీటు తేలిగ్గా దొరుకుతోంది గనుక ఉద్యోగమూ అంతే తేలిగ్గా దొరుకుతుందని దూరాన ఉన్న దాతలు నమ్ముతున్నారు. నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది నాలుగేళ్ల చదువు తర్వాత మరో ఆరు నెలలో, ఏడాదో హైదరాబాదు అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి, ఏదో ఒక కోర్సు నేర్చుకుంటూ ఇంటర్వ్యూలకు తిరిగినవారే. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసినవారూ ఉన్నారు. ఆ కాలమంతా వాళ్లను నిలబెట్టింది నాన్న పంపే డబ్బు, అమ్మ పెట్టే అన్నం. మీ అమ్మాయికి సబ్జెక్టు ఒకటి మిగిలినా, ప్లేస్‌మెంట్ తప్పినా వెళ్లి కూర్చోవడానికి ఇల్లు లేదు. వయసు లెక్క కూడా వేసి చూడండి. నాలుగేళ్ల కోర్సు ముగిసేసరికి ఆమెకు ఇరవై రెండు నిండుతాయి. ఆఫ్టర్‌కేర్ మామూలుగా ఇరవై ఒకటికే ఆగిపోతుంది. అంటే ప్రాజెక్టు, ఇంటర్వ్యూలు అన్నీ మీద పడే ఆఖరి ఏడాది మొత్తం ప్రత్యేక అనుమతి మీద ఆధారపడి ఉంటుంది.

దాతల మంచి మనసును నేను శంకించడం లేదు. కాని వాళ్లు కడతామన్నది ట్యూషన్ ఫీజు. హాస్టల్, మెస్, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్, కళ్లజోడు, జ్వరం వస్తే మందులు ఎవరు చూస్తారో మీ ఉత్తరంలో లేదు. రెండో ఏడాదిలో అక్కడ వాళ్ల ఉద్యోగమే పోతే ఏమిటన్నదీ లేదు. మాట ఇచ్చిన సొమ్మును అమ్మాయి మేజర్ కాగానే ఆమె పేరిట డిపాజిట్ చేయగలరా అని మర్యాదగానే అడగండి. చేస్తామంటే సగం భయం తీరుతుంది. తటపటాయిస్తే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైనప్పుడు బాకీ పేరుతో సర్టిఫికెట్లు ఆపిన కళాశాలలు ఉన్నాయని మీకూ తెలుసు. తండ్రి వెళ్లి ప్రిన్సిపాల్‌తో పోట్లాడే ఇంటి పిల్లలే ఆ సర్టిఫికెట్లకు నెలలు తిరిగారు.

అమ్మాయికి నిజంగా ఇష్టం ఉండి, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకుతో విశ్వవిద్యాలయ కళాశాలలోనో, పేరున్న కళాశాలలోనో కన్వీనర్ కోటా సీటు వస్తే బీటెక్‌కు నేను అడ్డు చెప్పను. అప్పుడు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వారి స్వనాథ్ స్కాలర్‌షిప్‌కు కూడా దరఖాస్తు చేయించండి. ఆ సంస్థ గుర్తించిన కళాశాలల్లో డిగ్రీ, డిప్లొమా చదివే అనాథ విద్యార్థులకు ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. మేనేజ్‌మెంట్ కోటాలో డబ్బు పోసి కొనే సీటు మాత్రం వద్దు.

డిగ్రీ గురించి చెప్పవలసింది తక్కువే. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా హనుమకొండలోని పింగిళి ప్రభుత్వ మహిళా కళాశాల వంటి చోట చేరితే చదువు, ఆఫ్టర్‌కేర్ ఇంచుమించు ఒకేసారి, ఇరవై ఒకటో ఏట ముగుస్తాయి. ఆదివారం మిమ్మల్ని చూడాలనిపిస్తే బస్సెక్కి వచ్చి సాయంత్రానికి వెళ్లగలదు. ఇంటర్‌లో లెక్కలు చదివింది కాబట్టి డిగ్రీ తర్వాత ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎంసీఏకు వెళ్లే దారి ఉంది, కంప్యూటర్ల మీద ప్రేమ ఉంటే అది ఎక్కడికీ పోదు. మీరు రాసిన పరిస్థితుల్లో నా మొగ్గు ఇటే. మీ దగ్గర పదో తరగతి పిల్లలు ఉంటే వాళ్లను ఇప్పుడే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కు సిద్ధం చేయండి. మూడేళ్ల డిప్లొమా పూర్తయ్యేసరికి చేతిలో ఒక పని ఉంటుంది, తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

పెళ్లి మాట దగ్గర కటువుగా మాట్లాడక తప్పదు, క్షమించండి. పద్దెనిమిది నిండిన బిడ్డను ఏం చేయాలో తోచక మూడుముళ్లు వేయించి పంపడాన్ని బాధ్యత తీర్చుకోవడమని ఎవరూ అనకూడదు. మామూలు ఇంటి ఆడపిల్ల అత్తవారింట్లో కష్టం వస్తే పుట్టింటికి వెళతానని అనగలదు. మీ అమ్మాయికి ఆ మాట అనే వీలు లేదని భర్తకూ, అత్తమామలకూ మొదటి రోజు నుంచే తెలిసి ఉంటుంది. ఆమె జీతం ఆమె ఖాతాలో పడి, ఒక గది అద్దె తాను కట్టుకోగలిగిన నాడు, తనకు నచ్చితే పెళ్లి చేసుకుంటుంది. అప్పుడు మీరు పెద్దదిక్కుగా పీటల మీద కూర్చోండి. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఉత్తరంతోపాటు ఆమె పేరు, ఫొటో పంపుతూ, దాతల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టామన్నారు. దయచేసి తీసేయండి. హోంలో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టకుండా చట్టంలోని 74వ సెక్షన్ రక్షణ కల్పించింది. అదీగాక, రేపు ఆమె తోటి విద్యార్థుల మధ్య కూర్చున్నప్పుడు తన కథ ఎవరికి చెప్పాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి.

ఈ ఎనిమిది నెలల్లో చేయవలసిన అసలు చదువు వేరే ఉంది. వచ్చే ఆదివారం కూరగాయల సంతకు ఐదు వందలు ఇచ్చి ఆమెను పంపండి. టమాటాలు మెత్తబడినవి తెచ్చినా, చిల్లర ఇరవై రూపాయలు తక్కువ వచ్చినా తిట్టకండి, పద్దు మాత్రం రాయించండి. మహిళలకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని హనుమకొండ వెళ్లి, తానే ఒక పని ముగించుకుని రమ్మనండి. బ్యాంకులో ఫారం తానే నింపాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తానే రాయించుకుని డాక్టరుకు తన నొప్పి తానే చెప్పాలి. నలుగురికి సరిపడా అన్నం, పప్పు వండడం రావాలి. ఓటీపీ అడిగినవాడికి చెప్పకూడదనీ, అప్పు అడిగిన స్నేహితురాలికి లేదని అనవచ్చనీ తెలియాలి. మునుపు ఒక పిల్ల చెప్పకుండా వెళ్లిపోయిందని, అప్పటి విచారణ ఇప్పటికీ మరిచిపోలేదని రాశారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఈ ప్రయాణాలన్నీ ఆమె వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో రాసి, సమితికి ముందే తెలియజేయండి. అప్పుడు మీరు ఒంటరిగా మోయవలసిన పని ఉండదు.

కాగితాల పని కూడా ఇప్పుడే. జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, సమితి ఉత్తర్వులు, స్థానికత కోసం ఆరో తరగతి నుంచి చదివిన ప్రతి బడి స్టడీ సర్టిఫికెట్, ఆధార్ అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, అసలు ప్రతులు ఆమె చేతికి ఇచ్చి, నకళ్లు మీ దగ్గర ఉంచండి. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చూసే దిక్కు లేక ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన అనాథాశ్రమంలో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఈ సంగతి తెలియక జనరల్ కేటగిరీలో దరఖాస్తు చేసిన హోం పిల్లలను నేను చూశాను. మీ అమ్మాయి ఆరేళ్లకే వచ్చింది గనుక, పుట్టుకతో వచ్చిన మరో కుల ధ్రువపత్రం లేకపోతే, వెంటనే తహసీల్దార్ కార్యాలయానికి వెళ్లండి. సొంతూళ్లో తల్లిదండ్రుల పేరిట ఇల్లో, భూమో ఉందేమో కూడా వాకబు చేయండి. బంధువుల చేతిలో ఉండిపోయి ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆమె తరఫున ఉచితంగా న్యాయవాదిని పెడుతుంది. కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు శాశ్వత చిరునామా అడిగి విచారిస్తాయి. అప్పటికి ఏ చిరునామా ఇవ్వాలో ఆమెతో కూర్చుని మాట్లాడండి.

మీ హోంలో పెరిగి వరంగల్, హనుమకొండల్లో పని చేసుకుంటున్న అక్కలు ఉండే ఉంటారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురిని ఈ నెలలోనే పిలిపించి ఆమెకు పరిచయం చేయండి. హాస్టల్ మూసిన రోజుల్లో ఎవరి గదిలో ఉండవచ్చో వాళ్ల నోటనే చెప్పించి, ఫోన్ నంబర్లు ఆమె చేత ఒక పుస్తకంలో రాయించండి. మీ నంబరు కూడా అందులో ఉండాలి. మీరు అమ్మాయిని బాగానే పెంచారు, అన్నీ పోగొట్టుకుని వచ్చిన పిల్ల ఇంటర్ లెక్కల్లో ముందుందంటే అందులో మీ పదకొండేళ్ల శ్రమ ఉంది. ఎప్‌సెట్ ఫలితాలు వచ్చాక మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం ఆమెనే రాయనివ్వండి, మీరు దిద్దకుండా పంపించండి.